చారిటీ అంటే ఏ ఖాతా?



సావనీరు కోసం ఏటా ఒక ధార్మిక విషయం తీసుకుని నాలుగు పేజీలు రాయడం మన ఆనవాయితీ. ఈసారి ఒక ఇంగ్లీషు మాట తీసుకున్నాం. ఆ మాట మన సంస్థ బోర్డు మీద ఉంది, లెటర్‌హెడ్ మీద ఉంది. మీరిచ్చే చెక్కుల వెనక, బ్యాంకు నుంచి వచ్చే మెసేజీల్లో కనిపిస్తూనే ఉంటుంది. చారిటీ. ఇందులో తెలియనిది ఏముంటుంది అని మేమూ అనుకునేవాళ్లం. ఒక బోరుబావి వచ్చి మాకు పాఠం చెప్పింది.

కొన్నేళ్ల క్రితం గల్ఫ్‌లో పనిచేసే మన సోదరుడొకరు సంస్థ ఖాతాలో 40,000 రూపాయలు వేశారు. వివరం రాయాల్సిన చోట 'చారిటీ' అని ఒకే మాట. ఆ నెలలో ఆడపిల్లల హాస్టల్లో బోరు ఎండిపోయి రోజూ ట్యాంకరు తెప్పిస్తున్నాం. సమయానికి డబ్బు వచ్చింది, అల్‌హందులిల్లాహ్ అనుకుని కొత్త బోరు వేయించాం. నీళ్లు బాగానే పడ్డాయి. ఆ రంజాన్‌కు ఆయన సెలవు మీద వచ్చి, తరావీహ్ తర్వాత మా కార్యదర్శి గారి చెయ్యి పట్టుకుని, "నా జకాతు ఎవరెవరికి చేరింది భాయ్?" అని అడిగారు. కార్యదర్శి గారికి నోట మాట రాలేదు.

ముఫ్తీ సాహెబును అడిగాం. జకాతు సొమ్ము అర్హుడైన మనిషి చేతికి చేరి, అతని సొంతం కావాలి; దీన్నే తమ్లీక్ అంటారు. బోరుబావి ఏ ఒక్కరి సొంతమూ కాదు. పైగా ఆ హాస్టల్లో ఫీజు కట్టి చదివే కలిగినవారి పిల్లలూ ఉన్నారు. కాబట్టి జకాతు తీరలేదు. కమిటీ సభ్యులం తలా కొంత వేసుకుని ఆ 40,000 కూడబెట్టి, ఆయన అనుమతి తీసుకుని, ఆయన తరఫున జకాతుగా అర్హులకు అందజేశాం. డబ్బు పోయిందని బాధ లేదు. కానీ ఒక సోదరుడి ఫర్జు, అతనికి తెలియకుండా, మా చేతుల్లో నెలల తరబడి తీరకుండా పడి ఉంది. దాన్ని మేము తేలిగ్గా తీసుకోలేకపోయాం. ఆయన జకాతు అనే ఉద్దేశంతోనే ఇచ్చారు. ఇంగ్లీషులో ఏ మాట రాయాలో తోచక అందరూ రాసేదే రాశారు. అడగకపోవడం మా తప్పు.

అందుకే ఈ మాట చరిత్ర కొంచెం తవ్వి చూశాం.

చారిటీకి మూలం లాటిన్ భాషలోని 'కారుస్' అనే మాట. దానికి రెండర్థాలున్నాయి: ఇష్టమైనది, ఖరీదైనది. మన తెలుగులో 'ప్రియం' కూడా సరిగ్గా ఇలాంటిదే. ప్రియమైన తమ్ముడూ అని ఉత్తరం రాస్తాం, బియ్యం ప్రియమైపోయాయి అని అంగడిలో అంటాం. ఆ కారుస్ నుంచి 'కారిటాస్', అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి చారిటీ అయింది. మొదట్లో దాని అర్థం దానం కాదు, ప్రేమ. దేవుడి పట్ల, తోటి మనిషి పట్ల ఉండే ప్రేమ.

దీనికి సాక్ష్యం క్రైస్తవ సోదరుల గ్రంథంలోనే ఉంది. 1611లో కింగ్ జేమ్స్ రాజు కాలంలో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 13వ అధ్యాయంలో, 'అగాపే' అనే గ్రీకు మాటకు చారిటీ అని పెట్టారు. ఉన్న ఆస్తంతా పేదలకు పంచిపెట్టినా చారిటీ లేకపోతే ప్రయోజనం లేదన్న భావం అక్కడ వస్తుంది. ఈనాటి అర్థంతో చదివితే తికమకే. ఆస్తంతా పంచడమే చారిటీ కదా, మళ్లీ చారిటీ లేకపోవడమేమిటి? అక్కడ ఆ మాటకు ప్రేమ అని అర్థం చెప్పుకుంటే విషయం తేటపడుతుంది. అంతకుముందే 1526లో టిండేల్ అనే పండితుడు తన అనువాదంలో 'లవ్' అని రాస్తే థామస్ మోర్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. చివరికి 1881లో వచ్చిన సవరణ ప్రతిలో చారిటీ తీసేసి లవ్ అనే పెట్టారు. తెలుగు బైబిలులో ఆ చోట ఉన్నది 'ప్రేమ' అన్న మాటే.

ఆ పాత అర్థం ఇంకా పూర్తిగా చావలేదు. ఒకరి మాటను, పనిని మంచి మనసుతో అర్థం చేసుకుంటే ఇంగ్లీషువారు 'చారిటబుల్‌గా' చూశాడంటారు. అందులో పైసా ఖర్చు లేదు. మన దగ్గర దీన్ని హుస్నె జన్ అంటాం, అంటే ఎదుటివారి గురించి మంచి తలంపు. అనుమానాలు ఎక్కువగా పెట్టుకోవద్దని సూరా హుజురాత్ మనల్ని హెచ్చరిస్తుంది. మన 'సదఖా' అనే మాటా డబ్బుతో ఆగిపోలేదు. దాని ధాతువు సిద్ఖ్, అంటే సత్యం. ప్రతి మంచి పనీ సదఖాయేనని, తోటి సోదరుణ్ణి చిరునవ్వుతో పలకరించడం కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. కాబట్టి ఇంగ్లీషువారి పాత చారిటీ, మన సదఖా కొంత దగ్గరి చుట్టాలే.

తర్వాత తర్వాత చారిటీ అర్థం కుంచించుకుపోయి పేదవాడికి వేసే దానం దగ్గర ఆగింది. దానితో పాటు ఆ మాటకు ఒక చేదు కూడా అంటుకుంది. 'చారిటీ అంత చల్లగా' అనే సామెత ఇంగ్లీషులో ఉంది. ప్రేమ అని పుట్టిన మాట చలికి పోలికయింది. ఇచ్చే చేతుల్లో వెచ్చదనం ఎంత తగ్గిపోయి ఉంటే ఆ సామెత పుట్టి ఉంటుంది! చార్లెస్ డికెన్స్ రాసిన ఆలివర్ ట్విస్ట్ నవలలో నోవా క్లేపోల్ అనే కుర్రవాడు చారిటీ స్కూలు పిల్లవాడు. వీధిలో పిల్లలు వాణ్ణి ఆ పేరుతో ఎగతాళి చేస్తారు. వాడు ఆ కసినంతా తనకంటే దిక్కులేని ఆలివర్ మీద తీర్చుకుంటాడు.

ఇదంతా ఇంగ్లండు సంగతి అనుకోవద్దు. మా సంస్థ తరఫున రంజాన్ సరుకుల సంచి తీసుకుని ఒక ఇంటికి వెళ్లాం. భర్త పోయిన ఇల్లాలు. వెంట ఫొటో తీసే కుర్రవాడు, సంచి మీద పెద్ద అక్షరాలతో చారిటీ. ఆమె తలుపు సగం తెరిచి, "మాకేం వద్దు బాబూ, పక్కింటి వాళ్లకివ్వండి" అంది. మరుసటి నెలలో ఆమె అన్నగారి ద్వారా కబురు పెట్టి కుట్టు మిషనుకు ఖర్జె హసనా, అంటే వడ్డీలేని అప్పు, ఇస్తామంటే ఒప్పుకుంది. నెలనెలా తీర్చేసింది కూడా. అడగడానికి అభిమానం అడ్డొచ్చే పేదలను గుర్తుపట్టమని సూరా బఖరా చెబుతుంది. ఎత్తిపొడిచి, మనసు నొప్పించి సదఖాను వ్యర్థం చేసుకోవద్దనీ అదే సూరా చెబుతుంది. ఆ తర్వాత సంచుల మీద అచ్చు మానేశాం. ఫొటోలూ మానేశాం. ఫొటోలు లేకపోతే దాతలకు నమ్మకం ఎలా అని కొందరు మా మీద కోపగించుకున్నారు, ఇప్పటికీ కోపంగానే ఉన్నారు. లెక్కల పుస్తకం ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.

ఇక చట్టం భాషలో చారిటీ సంగతి. 1601లో ఎలిజబెత్ రాణి పాలనలో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని పీఠికలో చారిటీ పనుల జాబితా ఉంది: వృద్ధులకు, అశక్తులకు, పేదలకు సాయం, గాయపడ్డ సైనికుల పోషణ, బడులు, వంతెనలు, రహదారుల మరమ్మతు, అనాథల చదువు, పేద ఆడపిల్లల పెళ్లిళ్లు, బందీల విడుదల. చదువుతుంటే ఎక్కడో విన్నట్టే ఉంటుంది. సూరా తౌబా 60వ ఆయతులో జకాతు పొందే ఎనిమిది వర్గాల్లోనూ నిరుపేదలు, బానిసత్వంలో ఉన్నవారు ఉన్నారు. అయితే ఆ ఎనిమిదిలో వంతెన లేదు, రహదారి లేదు. అప్పులపాలైనవారు, దారిలో చిక్కుకున్న బాటసారి ఉన్నారు. ఫర్జుకు హద్దు గీసి ఉంది. మిగతా మంచి పనులకు సదఖా, వక్ఫ్ తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి.

1891లో ఇంగ్లండు న్యాయమూర్తి లార్డ్ మెక్‌నాటన్ చారిటీని నాలుగు పాయలుగా చెప్పాడు: పేదరిక నివారణ, విద్య, మతం, ఇవి కాక సమాజానికి మేలు చేసే ఇతర పనులు. మన దేశంలో 1890 నాటి చారిటబుల్ ఎండోమెంట్స్ చట్టం కేవలం మతబోధకు, ఆరాధనకు సంబంధించిన పనులను ఈ మాటలోంచి తీసేసింది. 1961 ఆదాయపు పన్ను చట్టం నిర్వచనంలో పేదలకు సాయం, విద్య, వైద్యం, ప్రజోపయోగకరమైన ఇతర పనులను చేర్చారు. తర్వాత పర్యావరణ పరిరక్షణ, యోగా కూడా వచ్చి చేరాయి. మతపరమైన పనులను ఆ చట్టం వేరే మాటతో చెప్పింది. అంటే మస్జిదు కప్పు వేయించడం మన దృష్టిలో సదఖయె జారియా, ఎడతెగని పుణ్యం. పన్ను చట్టం దృష్టిలో అది చారిటీ గడిలో కాదు, మతం గడిలో పడుతుంది. పన్ను రాయితీ రశీదు కోసం వచ్చి ఈ సంగతి తెలిసి నొచ్చుకున్న దాతలు ఉన్నారు. ఆ గడులు గీసింది మేము కాదు.

ఒక మాటకు ఒకరి అర్థాన్ని తెచ్చి మరొకరి మీద పెడితే ఎంత నష్టం జరుగుతుందో తెలియాలంటే 1894 నాటి అబుల్ ఫతా కేసు చూడాలి. బెంగాల్‌లో ఇద్దరు అన్నదమ్ములు తమ ఆస్తిని వక్ఫ్ చేశారు. దాని ఆదాయం తరతరాలుగా తమ సంతానానికి చెందాలి, వంశం అంతరిస్తే పేదలకు చెందాలి. దీన్ని వక్ఫ్ అలల్ ఔలాద్ అంటారు. ముస్లిం సమాజాల్లో శతాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి. తగువు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. సొంత పిల్లలకు ఇచ్చుకోవడం చారిటీ ఎలా అవుతుంది, పేదల పేరు ఎప్పటికో జరిగేదానికి నామమాత్రంగా పెట్టారు అన్నారు న్యాయమూర్తులు. వక్ఫ్ చెల్లదని లార్డ్ హాబ్‌హౌస్ తీర్పు చెప్పాడు. అంతకు ముందే, ఇలాంటిదే మరో కేసులో, కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సయ్యద్ అమీర్ అలీ తోటి న్యాయమూర్తులతో విభేదించి, మన ధర్మంలో కుటుంబాన్ని పోషించడం కూడా పుణ్యకార్యమేనని వివరంగా రాశారు. ఆయన మాట నెగ్గలేదు.

ఇంగ్లీషువారి ఆలోచన వారి కోణంలో అర్థం లేనిది కాదు. వారి చట్టంలో చారిటీ అంటే ప్రజలకు మేలు జరగాలి, ఇంటివారికి కాదు. తమాషా ఏమిటంటే 'చారిటీ ఇంటి దగ్గర మొదలవుతుంది' అనే సామెత కూడా వారిదే! సామెతలో ఉన్న అర్థానికి కోర్టులో చోటు దొరకలేదు.

మన ధర్మం ఇందులో ఏమంటుందో అబూ తల్హా (ర) తోట చెబుతుంది. మీకు ప్రియమైన దానిలోంచి ఖర్చు చేయనంత వరకు పుణ్యాన్ని అందుకోలేరన్న భావంగల ఆయతు అవతరించినప్పుడు, అబూ తల్హా (ర) దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చారు. మస్జిదె నబవీకి ఎదురుగా ఉన్న బైరుహా తోట తనకు అన్నిటికంటే ప్రియమైనదని, దాన్ని అల్లాహ్ మార్గంలో ఇచ్చేస్తున్నానని చెప్పారు. లాటిన్ వారి కారుస్ గుర్తుకొస్తుంది కదా. ఆ తోటను ఆయన బంధువులకే పంచమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. పేదవాడికిస్తే ఒక సదఖా, పేద బంధువుకిస్తే సదఖాతో పాటు బంధుత్వాన్ని నిలిపిన పుణ్యమూ అని మరో హదీసులో ఉంది. ఇదే హాబ్‌హౌస్ గారి చారిటీ గడిలో పట్టలేదు.

ఆ తీర్పుతో ఎన్నో కుటుంబ వక్ఫులు ప్రమాదంలో పడ్డాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన ఆంధ్ర జిల్లాలూ బ్రిటిషు కోర్టుల కిందివే. మౌలానా షిబ్లీ నోమానీ ఈ విషయమై ఉద్యమించారు. ముహమ్మద్ అలీ జిన్నా 1911లో వైస్రాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. అప్పటికి ఆయన కాంగ్రెసులోనే ఉన్నారు. 1913లో ముసల్మాన్ వక్ఫ్ వాలిడేటింగ్ చట్టం వచ్చింది. చివరికి పేదలకో, శాశ్వతమైన మరో పుణ్యకార్యానికో చెందేలా ఉంటే కుటుంబ వక్ఫ్ చెల్లుతుందని, అది ఎంత కాలానికి పేదలకు చేరుతుందన్న కారణంతో కొట్టేయరాదని ఆ చట్టం చెప్పింది. పాత వక్ఫులకు కూడా అది వర్తించాలంటే 1930లో మరో చట్టం కావలసి వచ్చింది. ఒక మాట అర్థం సరిచేయడానికి 36 ఏళ్లు పట్టింది. ('ట్రస్టు' అనే మాట మీద కూడా ఇలాంటి తగువే నడిచింది. ముతవల్లీ అంటే ఇంగ్లీషు అర్థంలో ట్రస్టీ కాదని 1921లో ప్రీవీ కౌన్సిల్‌లో తీర్పు రాసింది ఆ అమీర్ అలీ గారే. అది మరో ఏడాది చెప్పుకుందాం.)

నిజానికి మన భాషల్లో ఈ గందరగోళం లేదు. తెలుగులో సంఘానికి ఇచ్చేది చందా, పెద్ద పనికి ఇచ్చేది విరాళం, పెళ్లిలో చదివింపులు, చుట్టానికి చేసేది సాయం, గుమ్మంలో వేసేది బిచ్చం. ఒకదాని పేరు ఇంకొకదానికి పెడితే ఎదుటివాడు ఊరుకోడు. చుట్టానికి సాయం చేసి బిచ్చం వేశామని అంటే ఆ గడప మళ్లీ తొక్కగలమా? ధార్మికంగా జకాతు, ఫిత్రా, సదఖా, వక్ఫ్, హదియా అని మనకు ఇన్ని మాటలుంటే, చెక్కు రాసేటప్పుడు అన్నిటినీ చారిటీ అనే ఒకే సంచిలో వేసేస్తున్నాం.

పేరు మారితే వస్తువు ధర్మం ఎలా మారుతుందో బరీరా (ర) ఇంటి మాంసం సంగతి చెబుతుంది. బానిసత్వం నుంచి విడుదలైన ఆమెకు ఎవరో మాంసం సదఖాగా ఇచ్చారు. దైవప్రవక్త (స) సదఖా తినరు. ఇంట్లో మాంసం ఉడుకుతున్నా ఆయన ముందు వేరే కూర పెట్టారు. సంగతి విని ఆయన, అది బరీరాకు సదఖా, ఆమె మనకిస్తే మనకు హదియా అన్న భావంతో సెలవిచ్చారు. అదే కుండ, అదే మాంసం. చేతులు మారడంతో పేరు మారింది, పేరుతో ధర్మం మారింది. సయ్యద్ కుటుంబాల్లో పేదలున్నప్పుడు మేము ఈ హదీసునే గుర్తు చేసుకుంటాం. వారికి జకాతు ఇవ్వం, హదియా అని వేరే నిధి నుంచి గౌరవంగా అందజేస్తాం.

ఖాతాల సంగతి టూకీగా. జకాతు అంటే 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువకు తగ్గని సొత్తు చాంద్రమానపు ఏడాది నిలిచినవారు ఇచ్చే రెండున్నర శాతం. అది అర్హుల చేతికే పోవాలి. సొంత తల్లిదండ్రులకు, పిల్లలకు ఇవ్వరాదు, పేద అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఇవ్వవచ్చు, అదే మేలు కూడా. జకాతు ముస్లిములకే చెందుతుందని అత్యధిక ఫుఖహాల అభిప్రాయం. అందుకని అన్ని మతాలవారూ వచ్చే మా వైద్య శిబిరం మందులకు జకాతు వాడం, సదఖా వాడతాం. సదఖా ఎవరికైనా ఇవ్వవచ్చు. ఫిత్రా ఈద్ నమాజుకు ముందే పేదవాడి ఇంటికి చేరాలి. పండగ మరునాడు ఫిత్రా పంపే సోదరులు దయచేసి ఇది గమనించాలి. బోరు, గది, కప్పు, పుస్తకాలు సదఖయె జారియా కింద వస్తాయి. ఇక బ్యాంకు వడ్డీ. దాన్ని వదిలించుకోవడానికి పేదలకు ఇచ్చేయమని మన ఉలమా చెబుతారు, పుణ్యం ఆశించకుండా. అది సదఖా కాదు. చారిటీ అని రాసి ఆ డబ్బు పంపితే మేము దాన్ని సదఖాలో కలిపేస్తాం, అప్పుడు ఇద్దరమూ పొరబడినట్టే.

ఈ ఏడాది నుంచి రశీదు పుస్తకం మార్చాం. దాత పేరు కింద ఐదు గడులుంటాయి: జకాతు, ఫిత్రా, సదఖా, సదఖయె జారియా, వడ్డీ సొమ్ము. చారిటీ అనే గడి లేదు. ఆన్‌లైన్‌లో పంపేవారు వివరంలో ఈ ఐదింటిలో ఒక మాట రాస్తే చాలు, ఏ భాషలోనైనా. ఏమీ రాయకుండా వచ్చిన సొమ్మును వేరే ఖాతాలో ఆపి, మీకు ఫోను చేస్తాం. మూడుసార్లు చేసినా ఎత్తకపోతే ఉత్తరం రాస్తాం. మీ జవాబు వచ్చేదాకా ఆ డబ్బు అక్కడి నుంచి కదలదు, హాస్టల్లో బోరు ఎండిపోయినా సరే.